పదో మనిషి కోసం శుక్రవారం ఫోన్లు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది భార్య పోయాక ఒంటరిగా మిగిలిన ఒక యూదు పెద్దాయన కేసు, ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) పేరు గానీ, అది ఏ పేటలో ఉందో గానీ చెప్పను. ముంబై, ఠాణే, రాయగఢ్ వైపు యూదులు మిగిలిందే కొద్దిమంది, అందరూ అందరికీ ఏదో రకంగా చుట్టాలే, చిన్న గుర్తు ఇచ్చినా మనిషిని పట్టేస్తారు. అందుకని వయసు, ఉద్యోగం లాంటివి కొంచెం అటూ ఇటూ మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

నేను ఠాణే జిల్లాలో ముసలివాళ్లతో పనిచేసే సోషల్ వర్కర్‌ని. మా నాన్న సిరిసిల్ల నుంచి భివండికి పవర్‌లూమ్ పనికి వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే మరాఠీ. యూదులంటే నాకు తెలిసింది రెండే. ఒకటి బైబిల్లో ఉంటారు. రెండోది 2008 నవంబర్ ముంబై దాడుల్లో నారిమన్ హౌస్‌లో రబ్బీ, అంటే యూదుల మతగురువు, గావ్రియేల్ హోల్ట్స్‌బర్గ్‌ను, ఆయన భార్య రివ్కాను చంపేశారు, టీవీలో చూశాం. మరాఠీ మాట్లాడే యూదులు మన పక్కనే ఉన్నారని, వాళ్ల ఆడవాళ్లు చీరలు కట్టుకుంటారని, ఇంటి పేర్లు రోహేకర్, పెణ్కర్, నవ్‌గావ్‌కర్ అని ఊళ్ల మీద ఉంటాయని ఈ కేసు వచ్చేదాకా తెలియదు.

కేసు ఎలా వచ్చిందంటే, ఒక ఆసుపత్రి ఓపీ నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. డెబ్బై తొమ్మిదేళ్ల పెద్దాయన, భార్య పోయి ఐదు నెలలు, ఆరు కేజీలు తగ్గాడు, బీపీ మాత్రలు ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తున్నాడు, స్కానింగులు రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి, ఒకసారి ఇంటికి వెళ్లి చూడు అంది. ఆయన్ని ఇక్కడ ఆజోబా అంటాను, మరాఠీలో తాతయ్య అని, నేను అలాగే పిలిచేదాన్ని.

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తలుపు పక్కన కుడివైపు గోడకి వేలంత పొడవున్న ఒక గొట్టం, మెజూజా అంటారు, లోపల తోరా, అంటే వాళ్ల ధర్మశాస్త్రం, వాక్యాలు రాసిన చిన్న తోలు చుట్ట ఉంటుంది. నాకు తలుపు తీయడానికి వచ్చినప్పుడు కూడా ఆయన చెయ్యి దాని మీదికి పోయి, పెదాల దగ్గరికి వచ్చింది. హాల్లో ఏలీయా ప్రవక్త రథమెక్కి ఆకాశానికి వెళ్తున్న పటం, దాని పక్కనే భార్య ఫోటో. వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. పదిహేను ప్రశ్నల డిప్రెషన్ స్కేల్ పెడితే తొమ్మిది వచ్చింది, ఐదు దాటితే మేం పట్టించుకోవాలి. నిద్ర లేదు. పక్కింటి వాళ్లతో మాటలు లేవు. కొడుకు ఇజ్రాయెల్‌లో, అష్దోద్‌లో ఉంటాడు, రోజూ వీడియో కాల్ చేస్తాడు, ఈయన "అంతా బాగుంది" అని పెట్టేస్తాడు.

వెళ్లేముందు నేను మామూలుగా అడిగే చివరి ప్రశ్న అడిగాను, మీకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ దేని గురించి అని. డబ్బు, జబ్బు, కోడలు, సాధారణంగా వచ్చే జవాబులు ఇవే. ఆజోబా మాత్రం "నేను పోతే కద్దీష్ చెప్పడానికి ఇక్కడ పది మంది దొరుకుతారా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఫైల్లో "చావు భయం" అని రాసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే.

ఇక నా ప్లాన్ చెప్తాను, చదివే తోటి సోషల్ వర్కర్లకి ఇది చూడగానే తెలిసిపోతుంది, అందరం వేసేదే. రెండు పూటలా టిఫిన్ డబ్బా, సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్, వారానికి ఒకసారి నా విజిట్, సాయంత్రాలు దగ్గర్లో ఉన్న జ్యేష్ఠ నాగరిక్ కట్టా, అంటే పార్కులో ముసలివాళ్లు కూచుని కబుర్లు చెప్పుకునే చోటు. మాత్రలు మొదలయ్యాయి, మంచిదే. డబ్బాలో సగం కిందింటి పిల్లికి పోయేది. కట్టాకి రెండు సార్లు వెళ్లాడు, మూడోసారి కాలు నొప్పి అన్నాడు. ఎందుకు వెళ్లడం లేదని గుచ్చి గుచ్చి అడిగితే, "అక్కడ నేను వెళ్లినా అదే జనం, వెళ్లకపోయినా అదే జనం" అన్నాడు. అది విని కూడా నాకు బుర్రకెక్కలేదు. ఇంకో కట్టా వెతుకుదాంలే అనుకున్నాను.

ఇక్కడ కొంచెం ఆగి ఈ జనం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి పట్టుబడదు.

వీళ్లని బెనే ఇజ్రాయెల్ అంటారు. వాళ్లలో వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం, దాదాపు రెండు వేల ఏళ్ల కింద అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డున ఓడ బద్దలైంది, ఏడు జంటలు బతికి బయటపడ్డాయి, వెంట తెచ్చుకున్న పుస్తకాలన్నీ సముద్రంలో పోయాయి. కొంకణ్ పల్లెల్లో నూనె గానుగలు ఆడిస్తూ బతికారు. శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్లు, అందుకని ఊళ్లోవాళ్లు "శన్వార్ తేలీ" అని పేరు పెట్టారు, శనివారం తెలకలవాళ్లు అన్నమాట. హీబ్రూ మరిచిపోయారు. శనివారం విశ్రాంతి, మగపిల్లలకి సున్నతి, తిండి నియమాలు, "షెమా ఇశ్రాయేల్" అనే ఒక్క ప్రార్థన మిగిలాయి. దావీద్ రహాబీ అని ఒకాయన వచ్చి వీళ్లు యూదులేనా అని పరీక్ష పెట్టాడట, రకరకాల చేపలు తెచ్చి ఆడవాళ్లని వండమన్నాడు, వాళ్లు రెక్కలూ పొలుసులూ ఉన్న చేపలు వేరు చేసి మిగతావి మేం తినం అన్నారు. అప్పుడాయన వాళ్లలోంచే ముగ్గుర్ని ఎంచుకుని ప్రార్థనలు, ఆచారాలు నేర్పించాడు, వాళ్లే కాజీలు, అంటే మతం పనులు చూసే పెద్దలయ్యారు. ఊరికి ఒక ముకద్దమ్ ఉండేవాడు, తగాదాలు తీర్చేవాడు. ముంబైలో మొదటి సినగాగ్ 1796లో శామ్యూల్ దివేకర్ కట్టించాడు, సైన్యంలో పనిచేసి టిప్పు సుల్తాన్ చెరలో పడి బయటపడ్డ మనిషి. అది ఇప్పటికీ ఉంది.

చూశారుగా, ఈ కథలో రబ్బీ లేడు. ఉన్నదల్లా నూనె గానుగవాడు, సిపాయి, ఊరి పెద్ద. తరతరాలుగా వీళ్లని కలిపి ఉంచింది బడిలో చదివి పట్టా తెచ్చుకున్న గురువు కాదు, పక్కింటి మనిషే. మా పద్మశాలి సంఘంలో కులపెద్ద ఎలాగో దాదాపు అలాగ. ఈ పోలిక మరీ దూరం లాగకూడదు, కులపెద్ద జరిమానా వేయగలడు, ఇక్కడ ఎవరికీ ఆ అధికారం లేదు. దేశం మొత్తం మీద ఇప్పుడు నాలుగైదు వేల మందే మిగిలారు, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఇరవై వేల దాకా ఉండేవాళ్లు, ఎక్కువ మంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.

ఆజోబా ఎందుకు వెళ్లలేదో కూడా ఇక్కడే చెప్తాను. ఆయన అన్న ముందే వెళ్లాడు. అక్కడి రబ్బీలు 1960ల మొదట్లో బెనే ఇజ్రాయెల్ వాళ్లు పెళ్లి చేసుకోవాలంటే తాతముత్తాతల లెక్క తేల్చాలని పేచీ పెట్టారు, పెద్ద గొడవే అయింది, 1964లో వీళ్లు అన్ని విధాలా యూదులేనని ఒప్పుకున్నాక గానీ చల్లారలేదు. "మేం శనివారం గానుగ ఆపినప్పుడు చూడటానికి ఏ రబ్బీ వచ్చాడు?" అని ఆజోబా ఇప్పటికీ అంటాడు. ఆ కోపం చల్లారేది కాదు, చల్లార్చాలని నేనూ చూడలేదు.

రెండో నెలలో ఒక గురువారం నేను వెళ్లేసరికి హాల్లో ఇంకో మనిషి కూచుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి, రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు, నెత్తిన చిన్న టోపీ, చేతిలో అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్. వాళ్ల సినగాగ్ వ్యవహారాలు ఈయనే చూస్తాడు. జీతం లేదు. హజ్జాన్, అంటే ప్రార్థన నడిపించే ఆయన, ఊళ్లో లేని రోజు ప్రార్థన చదివేదీ ఈయనే, లైట్ బిల్లు కట్టేదీ ఈయనే. ఆయన్ని నేను కాకా అని పిలిచాను. మరాఠీలోనూ కాకా అంటే బాబాయే, మా సిరిసిల్ల వైపు కూడా కాక అనే అంటాం, నోరు తిరగడానికి ఇబ్బంది లేకపోయింది.

కాకా ఆజోబాని "ఎలా ఉన్నావు" అని అడగలేదు. తిన్నావా అని అడగలేదు. భార్య గురించి ఎత్తలేదు. నేను పక్కన కూచుని మనసులో మార్కులు కోసేస్తున్నాను, ఇదేం పరామర్శ అని. వెళ్తూ వెళ్తూ చెప్పులేసుకుంటూ ఒకే మాట అన్నాడు: "ఈ శనివారం తొమ్మిది మందిమే ఉన్నాం."

ఆజోబా ఏమీ అనలేదు. వెళ్లలేదు కూడా.

మెట్ల మీద కాకాని పట్టుకుని అడిగితే చెప్పాడు. పదమూడేళ్లు నిండిన యూదు మగవాళ్లు పది మంది ఉంటేనే కొన్ని ప్రార్థనలు చెప్పాలి, ఆ పది మందిని మిన్యాన్ అంటారు. తోరా చుట్ట తీసి చదవాలన్నా, కద్దీష్ చెప్పాలన్నా పది కావాలి. తొమ్మిది మంది మహా పండితులున్నా సరిపోదు, పదోవాడు అక్షరం ముక్క రానివాడైనా చాలు. కద్దీష్ అంటే చనిపోయినవాళ్ల కోసం దగ్గరివాళ్లు చెప్పే ప్రార్థన, అమ్మానాన్నల కోసమైతే పదకొండు నెలలు, భార్య కోసమైతే ముప్ఫై రోజులు. అరామిక్ భాషలో ఉంటుంది. విచిత్రం ఏమిటంటే అందులో చావు మాటే ఎక్కడా రాదు, మొత్తం దేవుడి స్తోత్రమే. ఒక్కడే గదిలో కూచుని చెప్పుకోవడానికి లేదు, నువ్వు చెప్తుంటే మిగతావాళ్లు మధ్య మధ్యలో ఆమేన్ అనాలి. ఆజోబా భార్య పోయిన నెలలో వర్షాలు, రెండు శనివారాలు ఎనిమిది మందే వచ్చారు. ఆయన పుస్తకం తెరిచి, కద్దీష్ చెప్పకుండానే మూసేసి ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి మళ్లీ వెళ్లలేదు.

నెలల తరబడి ఆ మనిషి మోస్తున్నది ఇది. నేను రాసుకున్నది చావు భయం.

కాకా నోట్‌బుక్ గురించి చెప్పాలి, నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చింది అదే. ఒక్కో పేజీ ఒక్కో శనివారం. ఎడమవైపు వచ్చినవాళ్లు, కుడివైపు రానివాళ్లు, రానివాళ్ల పక్కన కారణం: మోకాలు, మనవరాలి పరీక్ష, అలిగాడు, దుబాయ్. "అలిగాడు" అన్నచోట ఎవరి మీద అన్నది కూడా ఉంటుంది. శుక్రవారం పొద్దున పది నుంచి ఫోన్లు మొదలుపెట్టి సూర్యాస్తమయానికి ముందే ముగించాలి, తర్వాత సబ్బాతు, అంటే వాళ్ల శనివారం విశ్రాంతి, మొదలవుతుంది, ఫోన్ ముట్టుకోడు. ఒక్కో ఫోన్ రెండు నిమిషాలు. దేవుడి సంగతి ఎత్తడు, ఆటో దొరుకుతుందా, కొడుకు దింపుతాడా, పక్కవీధి ఫలానా ఆయన్ని కూడా ఎక్కించుకుంటావా, అంతే. నేను ఒక శుక్రవారం పక్కన కూచుని విన్నాను, ఇరవై మూడు ఫోన్లు చేశాడు, ఒక్క ఉపదేశం లేదు.

ఆజోబాకి మూడు వారాలు అదే మాట చెప్పాడు, తొమ్మిది మందిమే అని. నాకు అనుమానం వచ్చింది, ఈయన ముసలాయన్ని ఎమోషనల్‌గా ఇరికిస్తున్నాడా అని. నిజంగా తొమ్మిదేనా అని మొహం మీదే అడిగాను. నోట్‌బుక్ తెరిచి చూపించాడు. మూడో వారం నిజానికి పన్నెండు మంది మాట ఇచ్చారు, ఆ వారం కాకా ఆజోబాకి తొమ్మిది అని చెప్పలేదు, "ఈ వారం సరిపోయాం, వచ్చే వారం చెప్తాను" అన్నాడట. మూడు వారాలూ అదే మాట అని నేను అనుకోవడం నా పొరపాటు. "అబద్ధం చెప్పి పిలిస్తే ఒకసారి వస్తాడు తాయి, వచ్చి పదమూడు మందిని చూస్తే మళ్లీ రాడు" అన్నాడు. తాయి అంటే అక్కా అని, నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దాయన నన్నలా పిలవడం మరాఠీ మర్యాద.

ఐదో శనివారం ఆజోబా వెళ్లాడు. నేను కూడా వెళ్లాను, అడిగి మరీ. ఆడవాళ్లు పైన మేడ మీద కూచుంటారు. పైనుంచి చూస్తే తలకాయలు లెక్కపెట్టడం తేలిక, నేను పెట్టాను, తొమ్మిది. అందరూ కూచున్నారు, ఫ్యాన్ తిరుగుతోంది, ఎవరూ మొదలుపెట్టడం లేదు. బయట ఆటో ఆగిన చప్పుడు. మూడంతస్తులు దిగి, ఆటో ఎక్కి, మళ్లీ ఈ మెట్లెక్కి ఆజోబా లోపలికి వస్తే కనీసం ఎవరో ఒకరు లేచి కావలించుకుంటారనుకున్నాను. అదేం లేదు. కాకా వేలితో ఒక్కొక్కరి వైపూ చూపిస్తూ ఏదో హీబ్రూ వాక్యం చదివాడు, ఒక్కో మనిషికి ఒక్కో మాట, చివరి మాట ఆజోబా దగ్గర ఆగింది, ప్రార్థన మొదలైంది.

తర్వాత తెలిసింది, యూదులు మనుషుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టరు. కీర్తనల గ్రంథంలో 28వ కీర్తన తొమ్మిదో వచనం హీబ్రూలో సరిగ్గా పది మాటలు, ఆ వచనం చదువుతూ మనిషికొక మాట పంచుతారు, మాటలు అయిపోతే మిన్యాన్ నిండినట్టు. మా తాత వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అనేవాడు. కొలవకూడనిదాన్ని కొలవక తప్పనప్పుడు మనుషులు ఎక్కడైనా ఇలాంటి దారే వెతుక్కుంటారేమో.

భార్యకి ముప్ఫై రోజులు ఎప్పుడో దాటిపోయాయి. కద్దీష్ ఇప్పుడు చెప్పొచ్చా అని ఎవరూ చర్చ పెట్టలేదు. కాకా ఆయన వైపు చూసి తల ఊపాడు, ఆజోబా లేచి నిలబడ్డాడు. గొంతు రాలేదు మొదట. రెండో వాక్యం దగ్గర పక్కనున్నాయన కూడా కలిశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమేన్ తప్ప. ఇంతకంటే ఆ రోజు గురించి రాయను.

ఇక అంకెలు, కేస్ స్టడీ అన్నాక రాయాలి. నాలుగు నెలల తర్వాత బరువు మూడు కేజీలు పెరిగింది, స్కేల్ తొమ్మిది నుంచి నాలుగుకి వచ్చింది, బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడు. ఇదంతా సినగాగ్ మహిమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సైకియాట్రిస్ట్ మాత్రలు ఆ నెలల్లోనే పనిచేయడం మొదలుపెట్టాయి, మొదటి ఏడాది గడిచే కొద్దీ దుఃఖం దానంతట అదే కొంత పలచబడుతుంది కూడా. ఏది ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. కానీ ఒకటి గమనించాను. మాత్రలు నిద్ర ఇచ్చాయి, శుక్రవారం మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేసుకునే పని మాత్రం మాత్రలు ఇవ్వలేదు.

నా ప్లాన్‌లో ఉన్నవన్నీ ఆయనకి ఏదో ఒకటి అందించేవే. డబ్బా, మాత్ర, కౌన్సెలింగ్, కాలక్షేపం. కాకా అందించిందేమీ లేదు, అడిగాడు. నువ్వు రాకపోతే మాకు కుదరదు అన్నాడు, అది నిజం కూడా. కట్టాలో "నేను వెళ్లినా అదే జనం, వెళ్లకపోయినా అదే జనం" అని ఆజోబా అన్నది దీని గురించే. ఈ మాట నేను ట్రైనింగుల్లో చెప్తే వెంటనే ఒకరు లేస్తారు, అయితే ముసలివాళ్లందరికీ ఏదో ఒక డ్యూటీ ఇచ్చేద్దాం మేడమ్ అని. ఉత్తుత్తి డ్యూటీ ముసలివాళ్లు ఇట్టే పసిగడతారు. ఇక్కడ పది అనే అంకె కాకా పుట్టించింది కాదు, వేల ఏళ్ల నాటిది, దాన్ని ఎవరూ బతిమాలి తగ్గించలేరు, అందుకే అది పనిచేసింది.

ఆజోబా మళ్లీ రావడం మొదలుపెట్టిన రెండో నెల నుంచి కాకా తన లిస్టులోంచి ఐదు పేర్లు తీసి ఆజోబాకి ఇచ్చాడు, ఈ ఐదుగురికీ నువ్వే ఫోన్ చెయ్యాలి అని. జనవరి చివర్లో చెట్ల పండగ వచ్చింది, తూ బిష్వాత్ అంటారు, వీళ్లు ఆ రోజు ఏలీయా ప్రవక్తని తలుచుకుని మలిదా చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, పంచదార, యాలకులు, జీడిపప్పు, పైన పళ్లు పేర్చి పళ్లెంలో పెడతారు, ప్రార్థన అయ్యాక పంచుతారు. ఏలీయా రథం తమ ఊరి బండ మీద దిగి వెళ్లిందని అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లెలో ఒక రాయి చూపిస్తారు, మొక్కులు అక్కడ తీర్చుకుంటారు. ఆజోబా భార్య చేసే మలిదాకి మంచి పేరుండేదట. ఆ ఏడు ఆయన చేశాడు. అటుకులు ఎక్కువ నానిపోయి ముద్దయ్యాయి, ఎవరూ మొహమాటపడలేదు, ఏకంగా మొహం మీదే చెప్పారు. కృష్ణాష్టమికి మా అమ్మ చేసే అటుకులు బెల్లం గుర్తొచ్చి నేను రెండు సార్లు పెట్టించుకున్నాను.

ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది. కానీ ఎనిమిదో నెలలో కాకాకి గుండె నొప్పి వచ్చి యాంజియోప్లాస్టీ చేశారు, డాక్టర్లు ఆరు వారాలు ఇల్లు కదలొద్దన్నారు. ఆ ఆరు శనివారాల్లో నాలుగు సార్లు పది నిండలేదు. ఎందుకంటే నోట్‌బుక్ కాకా దగ్గరే ఉంది, అందులో చేతిరాత ఆయనకి తప్ప ఎవరికీ అర్థం కాదు, ఎవరు ఎవరి మీద అలిగారో, ఎవరిని ఎవరి ఆటోలో ఎక్కించకూడదో ఆ బుర్రలోనే ఉంది. ఆజోబా తన ఐదుగురికీ చేశాడు, ఐదుగురూ వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. మూడో వారం ఆయన మళ్లీ డబ్బా వాపస్ పంపడం మొదలుపెట్టాడు. నాకు అరికాళ్లలో చెమటలు పట్టాయి.

కాకా గొప్ప మనిషి, అందులో అనుమానం లేదు. కానీ అంతా తనే మోయడం గొప్పతనం కాదు, అది నేను ఆయన మంచం పక్కనే చెప్పాను, కొంచెం కటువుగానే చెప్పాను. ఆయన నవ్వి బైబిల్లోని నిర్గమకాండం కథ చెప్పాడు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూచుని జనం తగాదాలన్నీ తీరుస్తుంటే మామ యిత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ జనమూ నలిగిపోతారు, వెయ్యి మందికొకడు, వంద మందికొకడు, యాభైకొకడు, పది మందికొకడు పెట్టుకో అంటాడు, 18వ అధ్యాయం. "యిత్రో యూదుడు కాదు తాయి, మిద్యాను నుంచి వచ్చిన బయటివాడు. నీలాగే" అన్నాడు. మోషేలాగే బయటివాళ్లతో బుద్ధి చెప్పించుకునేదాకా తెచ్చుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డట్టే కనిపించాడు.

నేను ఎగబడి ఎక్సెల్ షీట్ చేశాను. రంగురంగులుగా. ఒక్కరూ తెరవలేదు. పనిచేసింది వేరే. కాకా మరదలు, రిటైర్డ్ నర్సు, నోట్‌బుక్ తీసుకుని నాలుగు రోజులు ఆయన పక్కన కూచుని ఒక్కో పేరూ అడిగి, ఐదేసి పేర్ల చొప్పున చీటీలు రాసి ఐదుగురికి పంచింది. ఆజోబా చీటీలో ఇద్దరు అలిగినవాళ్లు పడ్డారు, ఆయనకి ఆ పని బాగా నచ్చింది. ఆరో వారానికి పదకొండు మంది వచ్చారు.

ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఆ నర్సు అత్తయ్య ఆ నాలుగు రోజులు కూచోకపోతే పది నిండేది కాదు. ఎవరింట్లో జ్వరమో, ఎవరికి ఆపరేషనో ముందు తెలిసేది ఆవిడకే, చావు జరిగిన ఇంటికి ఏడు రోజులూ వంట వెళ్లేలా చూసేదీ ఆవిడే. కానీ ఆవిడ వచ్చి కూచుంటే పదిలో లెక్క కాదు, మేడ మీద నా పక్కనే కూచుంటుంది. అందరూ ఇలాగే ఉండరు. ముంబైలోనే 1925లో డాక్టర్ జెరూషా ఝిరాడ్ సంస్కరణ దారిలో జ్యూయిష్ రిలిజియస్ యూనియన్ పెట్టింది. ఢిల్లీలో జుడా హయామ్ సినగాగ్ నడిపే ఎజెకియెల్ మలేకర్, ఆయనా రబ్బీ కాదు, లాయరు, ఆడవాళ్లని కూడా మిన్యాన్‌లో లెక్కపెడతారు. ఇది నేను కాకాతో అంటే, "అలా చేస్తే ఇప్పుడొచ్చే పన్నెండు మందిలో నలుగురు మానేస్తారు" అన్నాడు. అత్తయ్యని అడిగితే, "లెక్కలోకి రావడానికి నాకు తొందరేం లేదు, వాళ్లు బతికుంటే చాలు" అంది. నేను బయటిదాన్ని, అక్కడితో ఊరుకున్నాను, కానీ నాకు నచ్చలేదని ఇక్కడ రాయకుండా ఉండలేను.

మన తెలుగువాళ్లు ఈ కేసు విన్నప్పుడల్లా గుంటూరు సంగతి అడుగుతారు. అవును, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు, యాకోబీ అన్నదమ్ములు ముందుండి 1990ల మొదట్లో అక్కడ సినగాగ్ నెలకొల్పారు. కొంకణ్‌లో నాయకుడి పని ఉన్నవాళ్లని జారిపోకుండా పట్టుకోవడం. అక్కడ నాయకుడికి అదనంగా ఇంకో బరువు ఉంది, మేమూ యూదులమేనని బయటి ప్రపంచానికి చెప్పి ఒప్పించడం. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఆ ఒప్పించడం ఇంకా కష్టం. నేను అక్కడ పనిచేయలేదు, అందుకే ఇంతకంటే చెప్పను.

ఈ పద్ధతి వేరేచోట పనికొస్తుందా అంటే, కొంచెం జాగ్రత్త. పది అనే అంకె వెనక ఒత్తిడి కూడా ఉంది. మోకాళ్లు అరిగిన మనిషిని, గుండె జబ్బు మనిషిని, నువ్వు రాకపోతే తోరా తీయలేం అని లేపడం అన్నిసార్లూ మంచిది కాదు. ఒక వానరోజు ఆజోబా మెట్ల మీద జారాడు, అదృష్టం కొద్దీ మోచెయ్యి గీరుకుని వదిలింది. ఆ తర్వాతే కుర్రాళ్లిద్దరు వంతులవారీగా వచ్చి చెయ్యి పట్టుకుని దింపేలా ఏర్పాటు చేశాం, అది మొదటి రోజే చేయాల్సింది, నాకు తట్టలేదు. ఆ కుర్రాళ్లలో ఒకడు ఈ మధ్యే ఇజ్రాయెల్ వెళ్లిపోయాడు. కాకా కూతురు కూడా అక్కడే ఉంది, వచ్చెయ్యమని పోరుతోంది. వెళ్తావా కాకా అంటే నోట్‌బుక్ తిరగేస్తాడు.

ఫైలు పన్నెండో నెలలో మూసేశాను, మూడు నెలలకోసారి ఫాలో అప్ ఉంది. పోయిన నెల వెళ్తే ఆజోబా ఆర్థోపెడిక్ డాక్టరుతో జరిగిన గొడవ చెప్పాడు. మోకాలి ఆపరేషన్‌కి గురువారం డేట్ ఇచ్చారు. ఈయన కుదరదన్నాడు. ఎందుకు కుదరదు, ఇంట్లో పనేమైనా ఉందా అని డాక్టరు అడిగితే, ఆరు శనివారాలు నా బదులు మనిషిని చూసుకోవాలి, పుణెలో ఒకడున్నాడు, వాడింకా మాట ఇవ్వలేదు అన్నాడట. ఆయనకి నచ్చజెప్పమని డాక్టరు నాకు ఫోన్ చేశాడు. నేను ఆజోబాకి చెప్పాను, ఆయన విన్నాడు, తల ఊపాడు, ఫోన్ తీసి పుణె నంబరు కలిపాడు.